రెండో చెయ్యి



మా పెద్దమ్మ ఇల్లు మదురైలో. తిరుమల నాయకుడు తవ్వించిన వండియూరు తెప్పకుళం ఉంది చూడండి, దానికి నాలుగు వీధులు ఇవతల. పెద్దమ్మ పోయిన పదమూడో నాడు, భోజనాలు అయిపోయి వంటవాళ్లు గుండిగలు కడుక్కుంటుంటే, చుట్టాలమంతా నట్టింట్లో చాపల మీద కూర్చున్నాం. ఏది ఎవరికి అన్న మాట అప్పుడే వచ్చింది. గాజులు ఒకరికి, కాసులపేరు ఒకరికి. ఇత్తడి అండా ఎవరికీ వద్దు, అమ్మేయడానికి మాత్రం ఎవరికీ మనసు రాలేదు. కుట్టుమిషను మా చెల్లెలు అడిగింది. గోడ గడియారం, వెండి కుంకుమభరిణె, చివరికి పెరట్లో కరివేపాకు చెట్టు కింది రుబ్బురోలు దాకా వచ్చింది లెక్క. అంతా తేలింది. చీకటి పడ్డాక మా అన్న, అంటే పెద్దమ్మ కొడుకు, గేటు వేయడానికి వెళ్లి అక్కణ్ణుంచే అడిగాడు: "మరి వీణ్ణేం చేసేది?"

గేటు పక్కన పడుకుని ఉన్నాడు తెల్లోడు.

తెల్లోడంటే కుక్క. అప్పటికి ఎనిమిదేళ్లవాడు. ఆ పదమూడు రోజులూ ఇంటికి వచ్చిపోయే జనానికి లెక్క లేదు. వాడి పళ్లెంలో ఎవరో ఒకరు అన్నం వేస్తూనే ఉన్నారు. తిన్నాడా లేదా అన్నది చూసినవాళ్లు లేరు. కాకికి పెట్టిన పిండం ముట్టిందా లేదా అని మాత్రం అందరం తలలెత్తి చూశాం.

రాజపాళయం కుక్కని చూడనివాళ్ల కోసం ఒక మాట. 2005 జనవరిలో మన తపాలా శాఖ నాలుగు దేశవాళీ కుక్క జాతులకు స్టాంపులు వేసింది. హిమాలయాల గొర్రెల కాపలా కుక్క, రాంపూర్ వేటకుక్క, ముధోల్ వేటకుక్క, నాలుగోది రాజపాళయం. పాలతెలుపు ఒళ్లు, గులాబీరంగు ముక్కు, సన్నటి నడుము, పొడుగు కాళ్లు. ఊరి పేరే జాతి పేరు. మదురై నుంచి నైరుతిగా, పడమటి కొండల పాదం దగ్గర ఉంటుందా ఊరు. విజయనగరం రోజుల్లో ఆంధ్ర నుంచి దిగివచ్చిన రాజులు స్థిరపడిన చోటు. 1949లో మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి, అప్పటి వాడుకలో ప్రధాని, అయిన పి.ఎస్. కుమారస్వామిరాజా ఆ ఊరివారే. ఆ రాజుల ఇళ్లలో మాట ఇప్పటికీ తెలుగు. వేటకూ కాపలాకూ వాళ్లు పెంచిన కుక్క ఇది. దీని గుణం అంతా ఒక్క మాటలో చెప్పుకుంటారు: ఒక మనిషికే కుక్క. ఇంట్లో పదిమంది ఉన్నా తన మనిషి ఎవరో తేల్చుకుంటుంది. మిగతావాళ్లను ఓర్చుకుంటుంది, అంతే. పరాయివాడు చెయ్యి చాపితే ఒప్పుకోదు.

మా తెల్లోడికి ఆ మనిషి పెద్దమ్మ. పెదనాన్న పోయాక ఆ ఇంట్లో పెద్దమ్మా వాడూ ఇద్దరే. అన్న కోయంబత్తూరులో మిల్లు ఉద్యోగంలో ఉన్నాడు. వదినె తమిళం తప్ప ఎరగదు, పిల్లలు బడి ఇంగ్లీషు. మాకు ఇక్కడ తెలుగు ఇంటి గోడల మధ్య బతికే భాష. రాయడం రాదు, చదవడం రాదు, కూరగాయల బండివాడితో తమిళం, బ్యాంకులో తమిళం. తలుపు వేసుకున్నాక తెలుగు. పెద్దమ్మ ఇంట్లో తలుపు వేసుకున్నాక మిగిలేది తెల్లోడే. "ఏమిరా, పొద్దున పెట్టింది అట్లే ఉండాదే, ఒళ్లు బాగలేదా?" "ఇట్లా రా. ఆడ పోవద్దు, ఎండ." రోజంతా వాడితో ఆ మాటలే. వాడు తెలుగుకే లేచేవాడు, తెలుగుకే కూర్చునేవాడు. పక్కింటి తమిళ పిల్లలు "వెళ్లయా" అని పిలిస్తే తల కూడా తిప్పేవాడు కాదు.

ఆ కుక్కని మా అన్న కోయంబత్తూరు తీసుకుపోయాడు. అతని మంచితనాన్ని తక్కువ చేయను, తల్లి కుక్క కదా అని తీసుకుపోయాడు. మూడో అంతస్తు ఇల్లు. వాడు మేడ మెట్ల మీద ముడుచుకుని పడుకున్నాడు. పిల్లలు బిస్కెట్లు పెట్టారు, మాంసం పెట్టారు, చేతులు కాళ్లు పట్టుకున్నారు. రెండో వారంలో చిన్నవాడి చేతిని పళ్లతో పట్టాడు. గాయం చిన్నదే, కానీ సూదులు పూర్తిగా వేయించాల్సి వచ్చింది. నలభై రోజులు తిరిగేసరికి పక్కటెముకలు లెక్కపెట్టేటట్టు తయారయ్యాడు. జంతువులను ఉంచుకునే ఒక చోటికి ఫోన్ చేస్తే, నిండిపోయింది, తీసుకోలేం అన్నారు. వాళ్లనీ అనలేం.

అప్పుడు మా అన్నకు గుర్తొచ్చాడు పాలాయన.

పాలాయన ఊరి చివర పల్లె నుంచి సైకిలు మీద వచ్చేవాడు, తరవాత మోపెడు కొన్నాడు. నాయకర్ల ఇంటివాడు, ఇంట్లో వాళ్లదీ తెలుగే. ఎనిమిదేళ్లపాటు రోజూ తెల్లవారుజామున పెద్దమ్మ గిన్నెలో పాలు పోసి, అడుగున మిగిలింది చిప్పలో తెల్లోడికి పోసి, రెండు మాటలు చెప్పి పోయేవాడు. ఇన్ని లెక్కలు చూసిన మా చుట్టాల్లో ఒక్కరికి ఆయన పేరు తట్టలేదు. వ్యానులో కుక్కని వెనక్కి తెచ్చి ఆయన పశువుల పాకలో దించితే, "వచ్చినావా నాయనా" అన్నాడట ఆయన. ఆ మధ్యాహ్నం తిన్నాడు తెల్లోడు. కడుపునిండా కాదు, చిప్పలో సగం.

ఈ సంగతి జరిగాక, కుక్కలున్న ఇళ్లలో పెద్దవాళ్లు పోతే ఏమవుతుందని అడుగుతూ వచ్చాను. అన్ని చోట్లా ఒకే కథ, ఆఖరి పేజీ మాత్రం మాదంత మంచిది కాదు. అందుకే ఈ పూట మీ ముందుకు వచ్చాను.

మా మదురై వైపు చూస్తే వింతగా ఉంటుంది. జంతువు పోతే ఏం చేయాలో మాకు బాగా తెలుసు. సంక్రాంతినాడు అవనియాపురం, కనుమనాడు పాలమేడు, మర్నాడు అలంగానల్లూరు, జల్లికట్టులో వాడివాసల్, అంటే ఎద్దుల్ని వదిలే గుమ్మం, తెరవగానే ముందు వచ్చేది గుడి ఎద్దు. దాన్ని ఎవరూ పట్టరు, దండం పెట్టి దారి ఇస్తారు. ఆ ఎద్దు ముసలిదై పోతే ఊరంతా కదులుతుంది. పూలదండలు, కొత్త పంచె, మేళం, మనిషిని మోసినట్టే మోసుకుపోయి పూడ్చి పెడతారు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్‌లో గడప దాటకూడదన్న రోజుల్లో, అలంగానల్లూరు దగ్గర ముడువార్‌పట్టిలో గుడి ఎద్దు పోతే జనం ఆగలేదు. వీధుల నిండా చేరారు. పోలీసులు కేసు పెట్టారు.

ఆ ఎద్దుకు ఎవరు వీలునామా రాశారు? ఎవరూ రాయలేదు. రాయక్కర్లేదు. పూజారి పోతే పూజారి కొడుకు ఉన్నాడు, ఆయన లేకపోతే పక్కవీధి ఉంది. ఈ ఇంటి నుంచి చిట్టు, ఆ ఇంటి నుంచి పత్తిగింజలు. పుట్టినప్పటి నుంచీ అది నూరు చేతుల తిండి తింటుంది. రాజకంబళం వాళ్లు, తొట్టియ నాయకర్లు అంటారు, వాళ్లదీ ఇంట తెలుగే, వాళ్లకు దేవుడి పేర వదిలిన ఎద్దులుంటాయి. వాటిని నాగలికి కట్టరు. పండగనాడు పరుగు తీయిస్తారు. వాళ్ల నోట ఆ ఎద్దులుండే చోటు పేరు "మంద". మన మాటే. మందలో ఉన్నదానికి మనిషి పోయినా మేత ఆగదు.

మన ఇంటి కుక్క సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. దాన్ని ఒక్క చేతికే అలవాటు చేస్తాం. "నేను పెడితే తప్ప తినదు" అని వచ్చినవాళ్లకు గొప్పగా చెప్పుకుంటాం. పెద్దమ్మా చెప్పుకునేది. విని మేమూ మురిసిపోయేవాళ్లం.

ఇక చట్టం. చట్టం కళ్లకు కుక్క కూడా ఆ కుట్టుమిషనులాగే సొత్తు. సొత్తుకు సొత్తు రాయడం కుదరదు. జంతువు పేర డబ్బు రాస్తే చెల్లదు, తీసుకునేది మనిషో సంస్థో అయి ఉండాలి. ఈ దేశంలో జంతువుకు హక్కు ఉందా లేదా అన్న పెద్ద వాదం జరిగింది కూడా మా ఎద్దుల మీదే. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును ఆపుతూ జంతువుకూ గౌరవంగా బతికే దారి ఉండాలంది. 2017లో తమిళనాడు చట్టం సవరించుకుంది. 2023 మే 18న ఐదుగురు న్యాయమూర్తులు ఆ సవరణ చెల్లుతుందని చెబుతూ, జంతువులకు ప్రాథమిక హక్కులు రాజ్యాంగం ఇచ్చిందనలేమన్నారు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం మాత్రం పెంపుడు ప్రాణిని ఆకలిదప్పులకు మాడేటట్టు వదిలేయడం నేరమంది. మొదటిసారి చేసినవాడికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. మా ఊళ్లో ఆ డబ్బుకి మంచి జిగర్తండా ఒక గ్లాసు వస్తే గొప్ప.

అదే అమెరికాలో అయితే అన్ని రాష్ట్రాల్లోనూ పెంపుడు జంతువు పేర ట్రస్టు పెట్టే వీలు చట్టంలో ఉంది. అక్కడి కథ ఒకటి లోకమంతా చెప్పుకుంది. న్యూయార్కు హోటళ్ల యజమానురాలు లియోనా హెల్మ్‌స్లీ 2007లో పోతూ, ట్రబుల్ అనే బుల్లి మాల్టీస్ కుక్క పోషణకు కోటీ ఇరవై లక్షల డాలర్లు రాసిపెట్టింది. మనవల్లో ఇద్దరికి పైసా రాయలేదు. మరుసటి ఏడు కోర్టు దాన్ని ఇరవై లక్షలకు కోసింది. 2010లో కుక్క పోయింది. ఈ కథ విని జనం నవ్వుతారు, నేనూ నవ్వాను. ఆ కుక్కకు తలుపు తీసేది ఎవరు, రాత్రి ఎవరి పక్కన పడుకుంది అన్నది మాత్రం ఎవరూ అడగరు.

రతన్ టాటా సంగతి నాకు వేరుగా కనిపిస్తుంది. 2024 అక్టోబరులో ఆయన పోయారు. విల్లులో టిటో అన్న తన జర్మన్ షెపర్డ్‌ను తలుచుకున్నారనీ, దాని బాగోగులు ఏళ్ల తరబడి తన ఇంట్లో వంట చేసిన మనిషికి అప్పగించారనీ పత్రికల్లో వచ్చింది. అంత పెద్ద వంశం, అన్ని సంస్థలు. ఆయన ఎంచుకున్నది వంటాయనని. కుక్క ముందు రోజూ పళ్లెం పెట్టే చెయ్యి ఎవరిదో ఆయన చూసి ఉంటారు.

మన మామూలు ఇళ్లకు పనికొచ్చేది ఈ రెండో పద్ధతే. తెల్ల కాగితం మీద వీలునామా రాసుకోవచ్చు, స్టాంపు పేపరు అక్కర్లేదు. మీరు సంతకం చేయడం చూసిన ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టాలి. సబ్‌రిజిస్ట్రారు దగ్గర రిజిస్టరు చేయించడం తప్పనిసరి కాదు, చేయిస్తే తరవాత తగాదా తగ్గుతుంది. అందులో కుక్కకి డబ్బు అని రాయకండి. నా కుక్కను ఫలానావారికి ఇస్తున్నాను, దాన్ని చూసుకునేందుకు ఇంత సొమ్మును కూడా వారికే ఇస్తున్నాను అని రాయండి. వారు ముందే పోతేనో, కుదరదంటేనో ఎవరు అన్నది కూడా. వకీలుకు ఒకసారి చూపిస్తే మంచిది.

కానీ ఆ ఒక్క కాగితంతో పని తీరదు. వీలునామా తీసి చదివేది ఎప్పుడు? పదో రోజు పోయాక, పదమూడో రోజు పోయాక. కుక్క ఆకలి మొదటి రాత్రి నుంచే. పైగా అన్నీ చావులే కానక్కర్లేదు. బాత్రూములో జారి తుంటి విరిగి మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నారనుకోండి. ఇంటికి తాళం, లోపల పిల్లి. పర్సులో ఆధార్ కార్డు పక్కన ఒక చీటీ ఉంచుకోండి: నా ఇంట్లో పిల్లి ఉంది, ఫలానావారికి ఫోన్ చేయండి, తాళంచెవి వారి దగ్గర ఉంది. తాళంచెవి నిజంగా వారి దగ్గర ఉండాలి మరి. ఫ్రిజ్ తలుపు మీద ఇంకో కాగితం: ఏం తింటుంది, ఎన్నిసార్లు, ఏ మందు, కుక్కపిచ్చి టీకా కార్డు ఎక్కడుంది, ఉరుముకు భయపడుతుందా, పిల్లల్ని కరుస్తుందా. కరిస్తే కరుస్తుందని రాయాలి. మా వాడి సంగతి ఎవరైనా రాసిపెట్టి ఉంటే మా అన్న కొడుక్కి సూదులు తప్పేవి. ఇంకా, ఏ మాటకు పలుకుతుందో రాయండి. "రా" అంటే వస్తుందా, "వా" అంటే వస్తుందా, "కం" అంటేనా. మాలాంటి ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు.

డబ్బు గురించి కూడా మొహమాటం వద్దు. బ్యాంకులో మనిషి పోయాక ఖాతా ఆగిపోతుంది, నామినీ ఉంటే త్వరగా కదులుతుంది. కుక్కకు నెలకు ఎంతవుతుందో లెక్క వేసి, దాని వయసును బట్టి ఎన్నేళ్లకో చూసి, ఆ మేరకు ఒక చిన్న డిపాజిట్‌కు చూసుకోబోయే మనిషిని నామినీ చేయవచ్చు. నామినీకీ వారసుడికీ తేడా ఉంది కనుక వీలునామాలోనూ అదే పేరు ఉండాలి. ఈ మాట ఎందుకు ఇంత సాగదీస్తున్నానంటే, మా పాలాయనకు మేము ఏడాదిపాటు రూపాయి ఇవ్వలేదు. ఆయన అడగలేదు, మాకు తోచలేదు. రోజూ పాలు అమ్ముకుని బతికే ఇల్లు అది. తెల్లోడికి పోసే పాలు అమ్మే పాలలోంచి తగ్గేవి. పశువుల డాక్టరుకు రెండుసార్లు ఆయనే ఇచ్చుకున్నాడని తరవాత ఆయన కోడలు చెప్పింది. అప్పటి నుంచి అన్న నెలనెలా పంపాడు. మొదటి ఏడాది బాకీ సంగతి మేమెవరమూ ఎత్తలేదు, ఇప్పటికీ.

చిలకల సంగతి ఒకటి చెప్పి ఊరుకుంటాను. మదురైలో చాలా వరండాల్లో పంజరం, పంజరంలో పచ్చ చిలక. ఇరవై ఏళ్లు, ఆ పైన కూడా బతుకుతుంది, తాతగారి తరవాత ఎవరికి అన్న ప్రశ్న దానికీ ఉంది. కానీ మన అడవి చిలకను ఇంట్లో ఉంచుకోవడమే 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం తప్పు. నక్షత్ర తాబేలూ అంతే. వాటిని ఎవరికీ రాసివ్వలేరు. తాతగారు బతికుండగానే అటవీశాఖ వాళ్లకు అప్పగించడమే దారి. బాధగానే ఉంటుంది, తెలుసు.

ఇక చివరిదీ, అన్నిటికంటే ముందు చేయాల్సిందీ. రెండో చెయ్యిని ఇప్పుడే అలవాటు చేయండి. ఎవరి పేరు రాయబోతున్నారో వారు వారానికి ఒకసారి వచ్చి పళ్లెం పెట్టాలి, మీరు అక్కడ ఉండకూడదు. వారింట ఒక రాత్రి ఉంచి రావాలి. మొదట తినదు. రెండోసారి మూతి తిప్పుకుంటుంది. ఒక మనిషికే కుక్క అన్న రాజపాళయం సైతం పాలాయన చిప్పకు ఎలా ఒప్పుకుంది? ఎనిమిదేళ్లు, రోజుకు రెండు నిమిషాలు. చుట్టరికం వెతక్కండి. మీ ఇంటికి రోజూ వచ్చేది ఎవరో చూడండి. ఇస్త్రీ ఆయన కావచ్చు, పనమ్మాయి కావచ్చు, పైవాటాలో అద్దెకున్న కుర్రాడు కావచ్చు. అడగండి, ఒప్పుకుంటేనే. మొహమాటానికి తల ఊపినవాళ్లను లెక్కలో వేసుకోకండి.

తెల్లోడు ఆ పాకలో ఏడాదిన్నర బతికాడు. మునుపటి ఒళ్లు మళ్లీ రాలేదు. పాలాయన ఆవుల దొడ్డి వెనక పూడ్చాడు, మాకు కబురు మర్నాడు వచ్చింది.

మా ఇంట్లో ఇప్పుడొక పిల్లి ఉంది. నాకు అరవై ఎనిమిదేళ్లు, దానికి మూడు. లెక్క మీరే వేసుకోవచ్చు. కింది వాటాలో ఒకావిడ మల్లెపూలు కట్టి అమ్ముతుంది. మా ఇంటి తెలుగు ఆవిడకు రాదు, ఆవిడ తమిళం మా పిల్లికి రాదు. ఆర్నెల్ల నుంచి ప్రతి శుక్రవారం సాయంత్రం నేను ఇంట్లోంచి వెళ్లిపోయి తెప్పకుళం గట్టు మీద కూర్చుంటున్నాను. ఆవిడ పైకి వచ్చి గిన్నె పెడుతుంది. "రా" అనే మాట ఆవిడకు నేనే నేర్పాను. మొదట్లో గిన్నె నిండుగానే ఉండేది. మొన్న శుక్రవారం నేను తిరిగి వచ్చేసరికి ఆవిడ మెట్ల మీద పూలు కట్టుకుంటూ కూర్చుంది. తినిందా అని అడిగాను. తినింది, కానీ నేను అటు తిరిగి కూర్చున్నాకే అంది.